మంత్రగత్తె అన్న మాట

ఆఫీసులో అందరూ ఆవిడను తక్కెడమ్మ అనేవారు. ఎదురుగా కాదు, వెనకాల. ఆ సంగతి ఆవిడకూ తెలుసు కానీ పెద్దగా పట్టించుకునేది కాదు. దినపత్రికలో వారం వారం టీవీ కార్యక్రమాల మీద ఆవిడ ఒక శీర్షిక రాసేది. అందులో ఒక పక్క బలాలు, ఇంకో పక్క బలహీనతలు ఉండితీరాలని సంపాదకుడు మొదట్లోనే గీత గీసి పెట్టాడు. ఎంత గొప్ప కార్యక్రమానికైనా ఏదో ఒక వంక పెట్టాలి, ఎంత చెత్త కార్యక్రమంలోనైనా ఒక మంచి ముక్క వెతకాలి. ఏళ్ళ తరబడి తూచీ తూచీ ఆవిడకు అదే అలవాటైపోయింది. చెప్పులు కొన్నా, చుట్టాలింటికి వెళ్ళొచ్చినా మనసులో రెండు పళ్ళేలు వేలాడుతూనే ఉండేవి.

ఆ ఆదివారం సాయంత్రం తూకానికి వచ్చింది 'నీడ పోయిన రాకుమారి' ఏడో భాగం. ముందుగదిలో సోఫా మీద తను, టీవీకి దగ్గరగా వేసిన పేము కుర్చీలో అత్తగారు. భర్త కళ్ళద్దాల దుకాణంలో పని చేస్తాడు. ఆదివారాలే అక్కడ రద్దీ ఎక్కువ కాబట్టి ఇంట్లో ఉండడు. అత్తగారు ఒకప్పుడు టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ఆపరేటరు. ముప్ఫై ఏళ్ళు చెవులతోనే బతికిన మనిషి. ఆ చెవులే మెల్లగా మొరాయించి, ఇప్పుడు పక్కన పిడుగు పడ్డా తిరిగి చూడని స్థితికి వచ్చాయి. కొనిచ్చిన చెవి మిషను కీచుమంటోందని సొరుగులో పడేసింది. అయినా టీవీ ముందు మాత్రం ఒక్క పూటా మానకుండా కూర్చునేది. బొమ్మలు కదులుతుంటే కాలక్షేపం కాబోలని ఇంట్లో అనుకునేవారు.

కథ పాతకాలపు పద్ధతిలోనే ఉంది. రాకుమారి ఉయ్యాలలో ఉండగానే ఎవరో ఆమె నీడను ఎత్తుకుపోయారు. నీడ లేని పిల్లకు కిరీటం పెట్టకూడదని రాజ్యంలో నియమం. ఈ భాగంలో ఆ పిల్ల రెక్కల గుర్రమెక్కి గాజు అడవి దాటి మంత్రగత్తె గుడిసెకు చేరుతుంది.

తక్కెడమ్మ చూస్తూ చూస్తూనే పళ్ళేలు నింపుకుంటూ పోయింది. గాజు అడవి బాగుంది. చెట్టు చెట్టులో రాకుమారి ముఖం ఒక్కో వయసులో కనబడటం ఇంకా బాగుంది. రెక్కల గుర్రం మాత్రం గోడ మీద బల్లి పాకినట్టు ఎగిరింది. వెంట వచ్చిన మరుగుజ్జు నేస్తం నోరు మూయడు. నవ్వించాలని అతను పడే తాపత్రయం చూస్తే జాలి వేస్తుంది తప్ప నవ్వు రాదు. మధ్యలో వచ్చిన పాట ఎప్పుడు అయిపోతుందా అని ఎదురుచూడాల్సి వచ్చింది. మంత్రగత్తె పెరట్లో దండెం మీద మాత్రం ఆవిడ చూపు నిలిచిపోయింది. దాని మీద బట్టలకు బదులు నీడలు ఆరేసి ఉన్నాయి. పెద్దవి, చిన్నవి, గాలికి రెపరెపలాడుతూ. ఇంత మంచి ఊహ ఈ సీరియల్లోకి ఎలా దారి తప్పి వచ్చిందా అనుకుంది.

ఆ తరువాత వచ్చింది అసలు చిక్కు. మంత్రగత్తె దండెం మీది చిట్టి నీడను తీసి, మడతపెట్టి, ముక్కు దగ్గర పెట్టుకుని ఒక్క క్షణం కళ్ళు మూసుకుంది. చంటిపిల్ల చొక్కాను వాసన చూసినట్టుంది. తక్కెడమ్మ దాన్ని మంచి పళ్ళెంలో వెయ్యబోయింది. మరుక్షణం అదే మంత్రగత్తె గరుకు గొంతుతో, "నీడ మీ అబ్బదటమ్మా? నీ నీడను నేనే దోచాను!" అంది. సంతలో తగాదాలా ఉందా మాట. కళ్ళు ఒకటి చెబుతుంటే నోరు ఇంకొకటి వాగుతోంది. దీన్ని ఏ పళ్ళెంలో వెయ్యాలో ఆవిడకు తెలియలేదు.

భాగం అయిపోయింది. అత్తగారు కళ్ళద్దాలు తీసి కొంగుతో తుడుచుకుంది.

"పాపం, ఆ తల్లి ఎన్నాళ్ళు ఏడ్చిందో," అంది తనలో తనే.

"ఏ తల్లి అత్తయ్యా?" తక్కెడమ్మ అలవాటు ప్రకారం గట్టిగా అరిచింది.

"అదే, నీడలు ఆరేసుకున్నావిడ."

"ఆవిడ తల్లి కాదు, మంత్రగత్తె!"

"అయితే? మంత్రగత్తెలకి పిల్లలుండరా ఏంటి?"

తక్కెడమ్మ నవ్వింది. వినపడని మనిషి, తోచినట్టు కథ అల్లుకుంటోంది, పోనీలే అనుకుంది. అత్తగారు మాత్రం వదల్లేదు. "ఆవిడ నోటితోనే చెప్పింది కదమ్మాయ్. 'నేను మీ అమ్మనమ్మా, నీ నీడను నేనే దాచాను' అని. ఎవరైనా పట్టుకుపోతారని దాచిపెట్టినట్టుంది. అంతదూరం వచ్చి ఆ పిల్ల ఒక్క మాటా పలకదేంటి? తల్లి అలా చెప్తుంటే రాయిలా నిలబడిపోయింది."

తక్కెడమ్మ నవ్వు ఆగిపోయింది. దాచాను, దోచాను. ఊహించి చెప్పే మనిషికి అంత దగ్గరి మాట ఎలా దొరుకుతుంది?

ఆవిడ ఫోన్లో అదే భాగం పెట్టుకుని, గొంతు పూర్తిగా తగ్గించి, ఆ చోటు చూసింది. మళ్ళీ చూసింది. 'దో' అనాలంటే పెదవులు సున్నా చుట్టాలి. మంత్రగత్తె పెదవులు సున్నా చుట్టలేదు, నోరు బాగా తెరుచుకుంది. ఇంకో సంగతి కూడా ఆవిడకు తెలిసొచ్చింది. శబ్దం లేకుండా చూస్తే ఆ సన్నివేశంలో వంక పెట్టడానికి ఏమీ లేదు. మడత పెట్టడం, వాసన చూడటం, కళ్ళు మూసుకోవడం, మాట, అన్నీ ఒకే మనిషివి.

వంటింట్లోకి వెళ్ళి పొయ్యి మీద పాలు పెట్టింది కానీ మనసు అక్కడ లేదు. వెనక్కి తిరిగి చూస్తే గుమ్మం దగ్గర అత్తగారు నిలబడి ఉంది. తక్కెడమ్మ గొంతు రానీయకుండా పెదవులు మాత్రం కదిపింది. 'అత్తయ్యా, కాఫీ తాగుతారా?'

"ఇందాకే తాగాగా," అంది అత్తగారు.

పాలు పొంగి పొయ్యి మీద పడ్డాయి.

తక్కెడమ్మ పొయ్యి ఆర్పేసి స్టూలు మీద కూలబడింది. అత్తగారి ముందు కూర్చుని తను ఎన్నెన్ని మాటలు మాట్లాడిందో, అన్నీ వరసగా గుర్తుకు రావడం మొదలుపెట్టాయి. చెల్లెలితో ఫోనులో, ఈవిడతో వేగలేక చస్తున్నానే అన్నది. కూరలో ఉప్పు కుమ్మరిస్తుందని భర్తతో అన్నది. ఆ మర్నాటి నుంచి కూరలో ఉప్పు సరిగ్గా పడటం కూడా గుర్తుకొచ్చింది.

"మీకు... అన్నీ తెలుస్తున్నాయా?"

"అన్నీ ఎక్కడ? నువ్వు కిటికీ వైపు తిరిగి మాట్లాడితే ఏమీ తెలీదు. అద్దం ముందు జడ వేసుకుంటూ మాట్లాడితే మాత్రం బాగా తెలుస్తుంది." అత్తగారు గుడ్డ తీసి పొయ్యి గట్టు తుడవసాగింది. "నీ మొగుడి మాటలు సగమే. ఆ మీసం అడ్డం. కడుపున పుట్టినవాడి కంటే కోడలి మాటే నాకు ఎక్కువ అర్థమవుతుందంటే నవ్వుతారు ఎవరైనా."

"ఎప్పుడు నేర్చుకున్నారు?"

"నేర్చుకోవడమేంటి? మాట వినపడటం మానేశాక ముఖాలు చూస్తూ కూర్చున్నాను. ఇంకేం పని? ఎప్పుడో మాటలే వచ్చి చేరాయి."

"మరి చెప్పలేదేం అత్తయ్యా?"

అత్తగారు గుడ్డ పిండి ఆరేసింది. "చెప్తే నా ముందు మాట్లాడటం మానేస్తారు కదా. ఇంట్లో నాకు మిగిలిందే ఆ కాస్త సందడి." ఒక క్షణం ఆగి, "చస్తున్నానని నువ్వు అన్నప్పుడల్లా నేనూ మనసులో ఒకటి అనుకున్నాలే. నాకు పెదాలు తెలుస్తాయి కానీ నీకు మనసు చదవడం రాదు కదా. బతికిపోయాను," అంది.

తక్కెడమ్మకు నవ్వాలో సిగ్గుపడాలో తెలియలేదు. రెండూ ఒకేసారి వచ్చాయి.

మర్నాడు ఆవిడ ఆఫీసుకు పోకుండా సరాసరి డబ్బింగ్ స్టూడియోకి వెళ్ళింది. ఆ సీరియల్‌కు మాటలు సరిచేసే పెద్దమనిషిని అందరూ పెదాల మాస్టారు అంటారని, ఆయన పొద్దుటి పూట ఖాళీగా ఉంటాడని కనుక్కుంది. మెట్లు దిగితే చిన్న గది. గోడలకు నల్లటి స్పాంజి, నడుమ గాజు తలుపు, దాని వెనక ఒంటరిగా మైకు. మాస్టారు చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించుకుని తెర మీద ఎవరివో పెదవులనే పెద్దవి చేసుకుని చూస్తున్నాడు.

ఆవిడ ఎక్కువ ముందుమాట లేకుండా అడిగేసింది. "ఏడో భాగంలో మంత్రగత్తె 'దోచాను' అన్నప్పుడు నోరు సున్నాలా కాలేదేమండీ?"

మాస్టారు హెడ్‌ఫోన్లు తీశాడు. దొరికిపోయినవాడిలా కాక, ఎన్నాళ్ళకో తన పనిని ఒకరు చూశారన్న సంబరంతో ఆయన ముఖం విప్పారింది.

"అక్కడొక్కచోటే కుదర్లేదండీ. మిగతాది చూశారా మరి? ఆవిడ అసలు చెప్పింది 'నేను మీ అమ్మనమ్మా' అని. నేను 'నీడ మీ అబ్బదటమ్మా' చేశాను. ప, బ, మ మూడింటికీ పెదవులు ఒకేలా మూతపడతాయి. అమ్మని అబ్బ చేస్తే దేవుడు కూడా పట్టలేడు. కానీ 'దాచాను'కి సరైన మాట దొరకలేదు. దా తీసి దో పెట్టాను. తల్లి కాస్తా దొంగైపోయింది."

"ఎందుకు మార్చడం? అసలుదే ఎంతో బాగుంది కదా."

"బాగుందనే మార్చారు." ఆయన కుర్చీ దగ్గరగా జరుపుకున్నాడు. "షూటింగ్ అయ్యాక ఛానల్ వాళ్ళు చూశారు. ఏడో భాగంలోనే మంత్రగత్తె తల్లి అని తేలిపోతే ఇంకా బోలెడన్ని భాగాలు ఎవర్ని తిట్టుకుంటూ చూడాలండీ జనం? విలన్ ఉండాలన్నారు. ఏ వారం భాగం ఆ వారమే తీస్తారు కాబట్టి మళ్ళీ తీసే తీరిక లేదు, మాటలతో సర్దెయ్యమన్నారు. నటించినావిడ గొంతు మెత్తగా ఉందని గరుకు గొంతు ఇంకొకావిడ చేత చెప్పించారు."

"మీకు బాధనిపించలేదా?"

"అనిపించిందండీ, ఎందుకనిపించదు? కానీ పెదవి కలిసినప్పుడు వచ్చే తృప్తి ఉంది చూశారూ, దాని ముందు బాధ కాసేపు పక్కకి తప్పుకుంటుంది." ఆయన అంత నిజాయతీగా చెప్పేసరికి ఆవిడకు కోపం రాలేదు. "అవునూ, మీరెలా పట్టుకున్నారు?"

"నేను కాదు. మా అత్తగారు. ఆవిడకి వినపడదు, పెదవులు చూసి తెలుసుకుంటారు."

మాస్టారు తెర మీది పెదవుల వైపు తిరిగాడు. వినపడనివాళ్ళు తన పని చూస్తుంటారన్న ఆలోచనే ఆయనకు ఇన్నేళ్ళలో రాలేదు. తరువాత ఆయనకే ఒక అనుమానం వచ్చింది. "అది సరే, దాచాను సంగతంటే పట్టుకున్నారు. అమ్మా, అబ్బా పెదవి మీద ఒకటే కదా. ఆవిడ అమ్మ అనే ఎలా అనుకున్నారు? కనుక్కుని నాకు చెప్పాలి మీరు."

ఆ ప్రశ్న తక్కెడమ్మను కూడా దారి పొడుగునా గిల్లుతూనే ఉంది. ఇంటికి రాగానే చెప్పులు విప్పకుండానే అడిగింది. అత్తగారు ఇదొక ప్రశ్నా అన్నట్టు చూసింది.

"అబ్బ అనేటప్పుడు ఎవరైనా అలా చూస్తారా? పెదాలు సగమే చెప్తాయి అమ్మాయ్. మిగతాదంతా కళ్ళల్లో ఉంటుంది."

ఆ వారం శీర్షిక రాయడానికి తక్కెడమ్మ చాలా అవస్థ పడింది. గాజు అడవిని ఒక పక్క, గుర్రాన్ని ఇంకో పక్క వేసేసింది. దండెం మీది నీడలను మెచ్చుకుంది, మరుగుజ్జు వాగుడును తిట్టింది. మంత్రగత్తె దగ్గరికి వచ్చేసరికి కలం ఆగిపోయింది. చివరికి సంపాదకుడు గీసిన గీతకు అడ్డంగా రాసేసింది: "ఈ భాగానికి పెద్ద బలం, పెద్ద బలహీనత ఒకే సన్నివేశంలో ఉన్నాయి. చూడండి, కానీ వినకండి. శబ్దం తీసేసి ఆమె ముఖాన్ని చూస్తే మీకు వేరే కథ కనిపిస్తుంది. నాకైతే ఆ కథే నచ్చింది." మాస్టారి పేరు గానీ, ఛానల్లో జరిగిన సంగతి గానీ రాయలేదు. ఒకరి ఉద్యోగం మీదకు తేవడం ఆవిడకు ఇష్టం లేదు.

గీత దాటినందుకు సంపాదకుడు ముఖం చిట్లించాడు కానీ అచ్చు వేశాడు. ఇక జనం మొదలుపెట్టారు. ఎవరి ఇంట్లో చూసినా మంత్రగత్తెను మూగదాన్ని చేసి చూడటమే. అమ్మ అందని కొందరు, బొమ్మ అందని కొందరు. దాచానా దోచానా అని బస్సుల్లో వాదులాడుకున్నారు. తక్కెడమ్మకు తన రాతకు ఇంత కదలిక రావడం ఎన్నడూ ఎరగని అనుభవం. కాస్త గర్వపడింది కూడా.

గర్వం ఆ ఆదివారం దాటి నిలవలేదు. ఎనిమిదో భాగంలో మంత్రగత్తె ముక్కు కింద నుంచి గడ్డం దాకా నల్లటి ముసుగు కట్టుకుని వచ్చింది. ముసుగు ఎందుకో ఎవరూ చెప్పలేదు, రాకుమారి అడగనూ లేదు.

"ఆవిడ నోరెందుకు కట్టేశారు?" అత్తగారు కుర్చీలో ముందుకు వంగింది. కాసేపు చూసి విసుగ్గా వెనక్కి వాలింది. "చూసినంతసేపు చూశాం. ఇక దీన్ని కట్టెయ్."

అత్తగారు టీవీ కట్టెయ్యమనడం ఆ ఇంట్లో అదే మొదలు. తక్కెడమ్మకు ప్రాణం ఉసూరుమంది. నలుగురికీ చూపించబోయి ఆ ముసలావిడకు ఉన్న ఒక్క దారినీ తనే మూసేసింది కదా.

అలా కొన్నాళ్ళు గడిచాక ఒక మధ్యాహ్నం ఆఫీసుకు ఫోన్ వచ్చింది. మెత్తటి గొంతు. "మీరు రాసింది చదివానండీ. ముసుగు వెనకున్నది నేనే. మాస్టారు చెప్పారు, మీ అత్తగారు... వాళ్ళని ఒక్కసారి చూడొచ్చా?"

ఆమె ఆ శనివారమే వచ్చింది. తెర మీద తాటిచెట్టంత ఉండే మంత్రగత్తె గుమ్మంలో తలుపు గడియంత ఎత్తుకు తేలింది. చేతిలో సంచీ, కళ్ళకు లావుపాటి అద్దాలు. మంచినీళ్ళు అడిగి తాగి, అత్తగారి ఎదురుగా వెలుతురు పడే చోట కుర్చీ వేసుకుని కూర్చుంది.

"ఆ రోజు షూటింగ్‌లో ఆ మాట చెప్తున్నప్పుడు లైట్లు పట్టుకునేవాళ్ళు కూడా గొంతు సవరించుకున్నారండీ," అంది తక్కెడమ్మతో. "టీవీలో వచ్చిన రోజు మా ఇంట్లోవాళ్ళందర్నీ కూర్చోబెట్టాను. నా నోట్లోంచి ఆ గొంతు, ఆ మాట వచ్చాయి. మా ఆయన నవ్వాడు. లేచి లోపలికి వెళ్ళిపోయాను. ఆ ముక్క ఎవరికీ చేరలేదనుకున్నాను."

అత్తగారు ఆమె ముఖంలోకే చూస్తోంది. "నాకు చేరిందమ్మా," అంది. "ఇంతకీ నీడెందుకు దాచావు? అది మాత్రం నాకు సరిగ్గా తెలియలేదు. ఆ పిల్ల తల అడ్డం వచ్చింది."

నటి పెద్దగా నవ్వింది. కళ్ళద్దాలు తీసి ఒళ్ళో పెట్టుకుంది. తరువాత చిత్రంగా గొంతు విడిచిపెట్టేసింది. పెదవులు మాత్రమే కదులుతున్నాయి. చేయి దండెం మీది నుంచి ఏదో తీసింది, మడత పెట్టింది. కోసి పారేసిన ముక్కలు, వేరే మాటలు పూసిన ముక్కలు అన్నీ ఆ చిన్న ముందుగదిలో మళ్ళీ మొదటి నుంచి నడిచాయి. తక్కెడమ్మ గోడకానుకుని నిలబడి చూసింది. ఒక్కో మాట దొరికినట్టే దొరికి జారిపోతోంది. 'అమ్మ' మాత్రం తెలిసింది. పెదవుల కంటే ముందు కళ్ళు చూసింది కాబట్టి తెలిసింది.

భర్త దుకాణం నుంచి వచ్చేసరికి ఇద్దరు ఆడవాళ్ళు చప్పుడు లేకుండా నోళ్ళు కదుపుతూ, ఉన్నట్టుండి పగలబడి నవ్వుతున్నారు. అతను చెప్పులు చేత్తో పట్టుకుని గుమ్మంలోనే ఆగిపోయాడు. "ఏమైంది వీళ్ళకి?" అన్నాడు. తక్కెడమ్మ వేలు పెదవుల మీద పెట్టుకుని ఆగమంది.

కథ చివరికి వచ్చినట్టుంది. అత్తగారు అడిగింది, "ఇంతకీ నువ్వు తల్లివేనని ఆ పిల్లకి ఎప్పటికైనా తెలుస్తుందా? చివర ఏం చేస్తారు?"

నటి ఒకసారి అటూ ఇటూ చూసి, ముందుకు వంగి, నెమ్మదిగా రెండు మూడు ముక్కలు చెప్పింది, గొంతు లేకుండానే. అత్తగారి కళ్ళు పెద్దవయ్యాయి. చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుంది.

"ఏమన్నారు? అత్తయ్యా, ఏమన్నారావిడ?" తక్కెడమ్మ ఆగలేక దగ్గరికి వచ్చేసింది.

"చెప్పను," అంది అత్తగారు. "నీకు చెప్తే పేపర్లో రాసేస్తావు."